క్లమీడియా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్‌ఐవీ పేరు అందరికీ తెలుసు. సెగ, సవాయి అంటే పెద్దవాళ్ళకు తెలుసు. క్లమీడియా అంటే మాత్రం "అదేం జబ్బు, ఎప్పుడూ వినలేదే" అంటారు. బ్యాక్టీరియా వల్ల వచ్చే సుఖవ్యాధుల్లో ప్రపంచంలో ఎక్కువ మందికి సోకేది ఇదే. 2020లో 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో దాదాపు 12.9 కోట్ల కొత్త కేసులు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారం రోజుల మందుతో పోయే జబ్బు ఇది. భార్యాభర్తల్లో ఒకరే మందు వాడటం వల్ల ఏళ్ళ తరబడి ఇంట్లోనే తిరుగుతుంటుంది.

కౌన్సెలింగ్ గదిలో తలుపు దగ్గరగా వేశాక అడిగేవి, పేరు చెప్పకుండా ఫోన్లో అడిగేవి ఎప్పుడూ ఇవే. అడిగినవాళ్ళ మాటల్లోనే పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు.

## అనుమానం మొదలైనప్పుడు

ఒంటికి పోతే మంటగా ఉండాది. ఎండలకు వేడి చేసిందంతే కదా?

కావచ్చు. రోహిణి కార్తెలో ఒంట్లో నీళ్ళు తగ్గి మూత్రం చిక్కబడితే మంట పుడుతుంది. బార్లీ నీళ్ళో, సబ్జా గింజలో, పలుచని మజ్జిగో పడేసరికి మూత్రం రంగు తేలిపోయి మంట కూడా పోతుంది. రెండు రోజులు కడుపు నిండా నీళ్ళు తాగినా మంట పోలేదంటే ఇక వేడి మీద నెట్టొద్దు. పొద్దున లేవగానే అంగం కొసన జిగట చుక్క కనబడటం, లోదుస్తుల మీద మరక పడటం, నిరోధ్ లేకుండా కలిసిన ఒకటి నుంచి మూడు వారాల్లో మంట మొదలవడం, ఇవి క్లమీడియా వైపు వేలు చూపిస్తాయి. అట్లాగని మంట ఉన్న ప్రతి ఒక్కరికీ ఇదే అనుకోకూడదు. మూత్రంలో మామూలు ఇన్ఫెక్షన్ ఉన్నా, రాయి ఉన్నా మంట వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఇలాంటివి ఇంకా తొందరగా వస్తాయి.

అసలు క్లమీడియా అంటే ఏంది?

క్లమీడియా ట్రకోమాటిస్ అనే బ్యాక్టీరియా. మన ఒంటి కణాల లోపల దూరి అక్కడే పెరుగుతుంది, బయట బతకలేదు. 1907లో హాల్బర్‌స్టేటర్, ప్రోవాజెక్ అనే శాస్త్రవేత్తలు జావా ద్వీపంలో కంటిజబ్బు రోగుల కణాల్లో దీన్ని చూశారు. కణం లోపలే ఉండే ఈ తీరు చూసి 1960ల దాకా వైరస్ అనుకున్నారు. కంటిచూపు పోగొట్టే ట్రకోమా ఈ జాతిలోని ఇంకొన్ని రకాల వల్ల వచ్చేదే. బ్యాక్టీరియా కాబట్టి యాంటీబయోటిక్‌కు లొంగుతుంది, పూర్తిగా పోతుంది.

నాకు ఏ బాధా లేదు. అయినా నా ఒంట్లో ఉండొచ్చా?

ఉండొచ్చు. దీంతో ఉన్న ప్రమాదమే అది. సోకిన ఆడవాళ్ళలో పదిమందికి ఏడెనిమిది మందికి ఏమీ తెలియదు. మగవాళ్ళలో సగం మందికి తెలియదు. నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా, గుట్టుగా ఉండిపోయి పక్కవాళ్ళకు అంటుతుంది. కొత్త భాగస్వామి ఉన్నా, ఒకరికంటే ఎక్కువమంది ఉన్నా, మీతో కలిసిన మనిషికి క్లమీడియా అని తేలినా, బాధ లేకపోయినా పరీక్ష చేయించుకోవాల్సిందే.

తెల్లబట్ట ఎప్పుడూ ఉండేదే. ఏది మామూలు, ఏది జబ్బు?

రెండు నెలసరుల నడుమ, గుడ్డు విడుదలయ్యే రోజుల్లో పలుచగా, సాగేటట్టు, వాసన లేకుండా అయ్యేది మామూలే. విరిగిన పాలలాగా ముద్దలుగా వచ్చి దురద పెడితే చాలావరకు ఫంగస్. నీచు వాసనతో బూడిద రంగులో పలుచగా అయితే యోనిలో ఇంకో రకం ఇన్ఫెక్షన్.

క్లమీడియా చేరేది గర్భసంచి ముఖద్వారంలో. అందుకని దురద, వాసన అంతగా ఉండవు. పసుపు కలిసిన చీములాంటి తెల్లబట్ట, కలిసిన తరవాత రక్తపు మరక, నెలసరి కాని రోజుల్లో ఎర్ర కనబడటం, పొత్తికడుపులో నొప్పి దీని గుర్తులు. ప్రభుత్వాసుపత్రిలో తెల్లబట్టకు ఇచ్చే ఆకుపచ్చ పెట్టెలోని మందులు యోనిలోని ఇన్ఫెక్షన్లకు ఉద్దేశించినవి, క్లమీడియాను చంపవు. ఆ కోర్సు వాడినా తగ్గకపోతే ఆ మాట చెప్పి, గర్భసంచి ముఖద్వారం లోపలి నుంచి చూడమని డాక్టరమ్మను అడగండి. ఇంకో సంగతి: కలిసిన తరవాత రక్తం కనబడటం ముఖద్వార క్యాన్సర్‌కు కూడా గుర్తు. అది కనబడితే ఏ వయసులోనైనా ఆలస్యం చేయొద్దు.

ధాతువు పోతా ఉండాదన్నా. ఇదీ అదేనా?

మూత్రంతోపాటు, లేదా విరేచనానికి ముక్కినప్పుడు, కొంచెం తెల్లగా జారడం జబ్బు కాదు. నిద్రలో పోవడమూ జబ్బు కాదు. దానికి బలం తగ్గేదీ లేదు, ఎముక అరిగేదీ లేదు. రైలుగేట్ల దగ్గర గోడల మీద ఫోన్ నంబర్లు రాసి, లాడ్జి గదిలో కూర్చుని ఈ భయం మీద వేలకు వేలు గుంజేవాళ్ళున్నారు. వాళ్ళ లేహ్యాలకు పెట్టే డబ్బుతో అసలు పరీక్ష చేయించుకోవచ్చు. క్లమీడియా స్రావం వేరే రకం: విరేచనంతో సంబంధం లేకుండా వస్తుంది, పొద్దుటిపూట ఎక్కువ, మూత్రం పోసేటప్పుడు చురుక్కుమంటుంది.

మా ఆయన లారీ మీద పోతాడు. హైవే దాబాలో బాత్రూం వాడితే వచ్చిందంటున్నాడు. నిజమేనా?

బాత్రూం వల్ల రాదు. బకెట్టు, తువ్వాలు, ఈత కొట్టిన చెరువు, వేరేవాళ్ళ లుంగీ, వీటి వల్ల కూడా రాదు. కణం బయట బతకలేని క్రిమి అది. యోని, మలద్వారం, నోటి ద్వారా జరిగే లైంగిక సంపర్కం వల్ల వస్తుంది. కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. అంతే. అయితే ఎప్పుడు వచ్చిందో మాత్రం పరీక్ష చెప్పదు. పాతది కూడా కావచ్చు. బాత్రూం కథ నమ్మొద్దు, దాని మీద పంచాయితీ మాత్రం ఇద్దరి మందులూ అయిపోయాక పెట్టుకోండి.

బీజం వాచి నొప్పిగా ఉంది. దీనివల్లేనా?

క్లమీడియా మూత్రనాళం నుంచి పైకి పాకి బీజం వెనక ఉండే నాళానికి చేరితే వాపు, నొప్పి, ఒక్కోసారి జ్వరం వస్తాయి. ఇది ఒకటి రెండు రోజుల్లో మెల్లగా పెరుగుతుంది. కుర్రవాళ్ళకు ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతి వస్తే బీజం మెలితిరిగిందేమోనని అనుమానించాలి. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే దాన్ని కాపాడగలిగే అవకాశం బాగుంటుంది. అర్ధరాత్రయినా సరే నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి పోండి.

## పరీక్ష దగ్గర

యూరిన్‌లో పస్ సెల్స్ ఉన్నాయన్నారు, కల్చర్‌లో ఏమీ పెరగలేదన్నారు. అంటే ఇన్ఫెక్షన్ లేనట్టేనా?

ఈ రిపోర్టు పట్టుకుని నాలుగు క్లినిక్‌లు తిరిగి వచ్చేవాళ్ళే ఎక్కువ. మామూలు కల్చర్‌లో మూత్రాన్ని ఒక పోషక పదార్థం మీద పూసి ఏం మొలుస్తుందో చూస్తారు. క్లమీడియా బతికిన కణం లోపల తప్ప పెరగదు, కాబట్టి ఆ పళ్ళెంలో ఎన్నటికీ మొలవదు. చీము కణాలుండి కల్చర్ ఖాళీగా వస్తే క్లమీడియాను, క్షయను, రాయిని అనుమానించాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు మామూలుగా రాసే నైట్రోఫ్యురాంటోయిన్ దీని మీద పనిచేయదు. ఇన్నాళ్ళూ వాడిన మాత్రల చీటీలన్నీ దాచి డాక్టరుకు చూపించండి. ఏది పనిచేయలేదో తెలిస్తే ఆయన పని సగం తేలికవుతుంది.

మరి ఏ పరీక్ష చేయించాలి? మూత్రం ఎట్లా ఇవ్వాలి?

క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకునే పీసీఆర్ తరహా పరీక్ష. ల్యాబులో "క్లమీడియా పీసీఆర్" అని అడగండి. దాంతోపాటే గనేరియా (సెగ) కూడా చూస్తారేమో కనుక్కోండి, రెండూ జంటగా ఉండటం మామూలే. నెల్లూరు, ఒంగోలు ల్యాబులు చాలావరకు శాంపిల్ తీసుకుని చెన్నైకో హైదరాబాదుకో పంపిస్తాయి, రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది.

మగవాళ్ళు మూత్రం ఇచ్చే పద్ధతి ఇక్కడ తలకిందులు. మామూలు పరీక్షకు "మొదటిది వదిలేసి మధ్యలోది పట్టండి" అంటారు. దీనికి మొదటి ధారే కావాలి, ఎందుకంటే నాళం గోడకు అంటుకున్న కణాలు దాంతోనే కొట్టుకొస్తాయి. కనీసం గంటసేపు ఒంటికి పోకుండా ఆగి, కడుక్కోకుండా, మొదటి 20-30 మిల్లీలీటర్లు మాత్రమే డబ్బాలో పట్టాలి. డబ్బా నిండా పడితే పలుచబడి క్రిమి దొరక్కపోవచ్చు. ల్యాబులో కుర్రాడు అలవాటు కొద్దీ "మధ్యలోది" అన్నా మీరు గుర్తుచేయండి.

ఆడవాళ్ళకు మూత్రం కంటే యోనిలోని స్వాబ్ మేలు. దూదిపుల్లలాంటి దాన్ని బాత్రూంలో వాళ్ళే తీసుకుని ఇవ్వొచ్చు, డాక్టర్ తీసిన దానికి అదేమీ తీసిపోదు.

గల్ఫ్ మెడికల్‌లో రక్తపరీక్షలన్నీ చేసి ఫిట్ అన్నారు. ఇది కూడా చూసినట్టేనా?

లేదు. కువైట్‌కో దుబాయ్‌కో పోయేటప్పుడు తీసే రక్తంలో హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్‌లు, సిఫిలిస్ (సవాయి) చూస్తారు. గర్భిణులకు చేసే పరీక్షలూ అంతే. క్లమీడియా రక్తంలో దొరికేది కాదు, అది ఉన్నచోటి నుంచే శాంపిల్ తీయాలి. "క్లమీడియా ఐజీజీ" అనే రక్తపరీక్ష ఒకటుంది. అది పాజిటివ్ వస్తే ఎప్పుడో ఒకప్పుడు తగిలి ఉండొచ్చని అర్థం, ఇప్పుడు ఉందో లేదో తేలదు. దాన్ని చూసి మందులు మొదలుపెట్టకూడదు, సంసారాలు తెంచుకోకూడదు.

తప్పు జరిగింది నిన్ననే. రేపే టెస్ట్ చేయించుకుంటే తెలుస్తుందా?

తెలియదు. రెండు వారాలన్నా ఆగితే క్రిమి పట్టుబడేంత పెరుగుతుంది. హెచ్‌ఐవీ భయం ఉంటే మాత్రం ఆగొద్దు: 72 గంటల్లోపు మొదలుపెట్టే నివారణ మందులున్నాయి. ఈ రోజే పెద్దాసుపత్రికి పోయి అడగాలి.

ఎక్కడికి పోవాలి? మా ఊరోళ్ళు ఎవరన్నా చూస్తే?

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంటుంది. "సురక్ష క్లినిక్" అనే బోర్డు చూడండి. సంప్రదింపులు, మందులు ఉచితం, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా ఉచితం. ఓపీ చీటీ దగ్గర జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు, "స్కిన్ డాక్టర్ దగ్గరికి" అంటే చాలు. గజ్జికి, తామరకు, బొల్లికి వచ్చినవాళ్ళందరూ ఆ వరుసలోనే కూర్చుంటారు కాబట్టి మిమ్మల్ని చూసి ఎవరూ ఏదీ పసిగట్టలేరు. మీ దగ్గర్లో ఏ కేంద్రం ఉందో 1097కు ఫోన్ చేస్తే చెబుతారు. డబ్బు కట్టక్కర్లేదు, పేరు కూడా అడగరు.

అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. తీసుకుపోతే కేసవుతుందా?

చికిత్స ఇవ్వం అనే హక్కు ఎవరికీ లేదు. కానీ 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, 18 ఏళ్ళలోపు పిల్లలతో లైంగిక సంబంధం జరిగిందని తెలిస్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. ఈ సంగతి ముందే తెలుసుకుని రండి. కేసుకు భయపడి ఇంట్లో దాచిపెడితే పిల్ల గర్భనాళాలు పాడవుతాయి, హాని చేసినవాడు దర్జాగా తిరుగుతాడు.

## మందులు వాడేటప్పుడు

ఏ మందు? ఎన్నాళ్ళు వాడాలి?

గర్భం లేని పెద్దవాళ్ళకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, పొద్దునొకటి రాత్రొకటి, ఏడు రోజులు. అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఒకేసారి వేసుకోవడం ఇంకో పద్ధతి. డాక్సీ మెరుగ్గా పనిచేస్తుందని తేలాక చాలామంది డాక్టర్లు దాన్నే ముందు రాస్తున్నారు. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్న ఆడవాళ్ళకు, బీజం వాచిన మగవాళ్ళకు ఈ వారం కోర్సు సరిపోదు. ఇంకా ఎక్కువ రోజులు, వేరే మందులు కలిపి ఇస్తారు.

లెక్క చూసుకోండి: రోజుకు రెండు, ఏడు రోజులకు పద్నాలుగు. షీటులో సాధారణంగా పదే ఉంటాయి. "ఒక షీటు ఇయ్యన్నా" అని తెచ్చుకున్నవాళ్ళకు అయిదోరోజు రాత్రికి మందు అయిపోతుంది, మంట కూడా అప్పటికి పోయి ఉంటుంది, ఇంకో నాలుగు కొనడానికి మళ్ళీ ఎవరూ షాపు మెట్లెక్కరు. మొదటిరోజే రెండు షీట్లు చించి పద్నాలుగు లెక్కపెట్టి తెచ్చుకోండి. ఇంట్లో ఇద్దరికీ కలిపి అయితే ఇరవై ఎనిమిది.

మా ఊరి ఆర్‌ఎంపీ సూది వేశాడు. చీము ఆగింది, పదిరోజులకు మళ్ళీ మొదలైంది. ఎందుకని?

ఆ సూది చాలావరకు గనేరియాకు వేసేది. గనేరియా పోతే చిక్కటి పసుపు చీము ఆగుతుంది. పక్కనే ఉన్న క్లమీడియాకు సెఫ్ట్రియాక్సోన్ సూది గానీ సెఫిక్సిమ్ మాత్ర గానీ తగలవు. అది నిదానంగా పెరిగి, ఒకటి రెండు వారాల తరవాత పలుచటి స్రావంతో బయటపడుతుంది. అందుకే ప్రభుత్వ క్లినిక్‌లో చీము కారుతుందని పోతే, పరీక్ష కోసం ఆగకుండా రెండింటికీ కలిపి బూడిద రంగు పెట్టె ఇస్తూ వచ్చారు. అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉంటాయి. ఇంకో కారణం కూడా ఉండొచ్చు: మీకు తగ్గింది, ఇంట్లో ఆమెకు మందివ్వలేదు, ఆమె నుంచి మళ్ళీ మీకొచ్చింది.

డాక్సీ వేసుకుంటే గుండెల్లో మంట, కడుపులో తిప్పుడు. మానేయొచ్చా?

మానొద్దు, వేసుకునే తీరు మార్చండి. ఏదన్నా తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్ళతో మింగి, అరగంటన్నా కూర్చోండి లేదా తిరగండి. రాత్రి మాత్ర గుక్కెడు నీళ్ళతో వేసుకుని వెంటనే పడుకుంటే అది గొంతు కింద నాళంలో ఇరుక్కుని పుండు చేస్తుంది. అట్లా జరిగితే మంచినీళ్ళు మింగినా నొప్పే. రాత్రి భోజనం ముందుకు జరపడం మంచిది.

ఎండ ఇంకో సంగతి. ఈ మందుతో చర్మం తొందరగా కమిలిపోతుంది. రొయ్యల గుంటల మీద మేత చల్లేవాళ్ళు, చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్ళు, బైకు మీద తిరిగేవాళ్ళు ఆ వారం పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు మరవకండి. ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదాలు ఉబ్బినా, ఆయాసం వచ్చినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

పథ్యం ఏమన్నా ఉందా? చేపల పులుసు మానాలా?

నిక్షేపంగా తినండి. చేప, వంకాయ, చింతపండు, వేటికీ ఈ జబ్బుతో శత్రుత్వం లేదు. మందుకు అడ్డం పడేవి పాలు, పెరుగు, క్యాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర, గ్యాస్‌కు తాగే తెల్లమందు. ఇవి డాక్సీని ఒంట్లోకి ఎక్కనివ్వవు. మాత్రకూ వీటికీ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉంచండి.

మందు తాగొచ్చా?

పక్కన మెట్రోనిడజోల్, సెక్నిడజోల్ లాంటివి కూడా ఇచ్చి ఉంటే వద్దు, వాంతులు పట్టుకోవచ్చు. ఒక్క డాక్సీనే అయితే గ్లాసు తాగినంత మాత్రాన ప్రాణం మీదికి రాదు. కానీ రోజూ బాగా తాగేవాళ్ళ ఒంట్లో డాక్సీ తొందరగా అరిగిపోతుంది. తాగినరోజు రాత్రి మాత్ర ఎవరికి గుర్తుంటుంది? ఆ వారం ఆపుకోండి.

## ఇంట్లో వాళ్ళ సంగతి

మా ఆయనకు ఏమీ లేదు, దుక్కలాగా ఉన్నాడు. ఆయనకెందుకు మందు?

ఆయనకు బాధ లేకపోవచ్చు, క్రిమి ఉండొచ్చు. మీరొక్కరే వాడితే కోర్సు అయిన వారంలోనే మళ్ళీ అంటుకుంటుంది. గత 60 రోజుల్లో కలిసిన వాళ్ళందరికీ పరీక్ష, మందు కావాలి. అంతకు ముందు నుంచే ఎవరినీ కలవకపోతే ఆఖరుగా కలిసిన మనిషికి. ఇద్దరూ ఒకేరోజు మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు.

మగవాళ్ళు "నాకేం లేదు, నేను రాను" అని మొండికేయడం నేను రోజూ చూసేదే. అలాంటి ఇంట్లో ఆడమనిషి నాలుగోసారి, అయిదోసారి మందు వాడుతుంది, ప్రతిసారీ కడుపులో లోపల మచ్చ పెరుగుతుంది. ఆ భర్తలకు ఒక్కటే చెబుతాను: మీకు సూది లేదు, కోత లేదు, పద్నాలుగు గోలీలు.

ఎవరి నుంచి ఎవరికొచ్చిందో డాక్టర్ చెప్పగలరా?

చెప్పలేరు. ముందు ఎవరికి బాధ మొదలైందనేది రుజువు కాదు, ముందు ఎవరి రిపోర్టు పాజిటివ్ వచ్చిందనేదీ కాదు. ఏడాది కింద సోకింది ఈ రోజు బయటపడొచ్చు, పెళ్ళికి ముందుదీ కావచ్చు. కాన్పుకో, పిల్లలు లేరనో ఆసుపత్రికి ముందు పోయేది ఆడవాళ్ళే కాబట్టి రిపోర్టు వాళ్ళ పేరు మీద ముందొస్తుంది. అంత మాత్రాన నింద వాళ్ళ మీద వేసి పుట్టింటికి పంపడం అన్యాయం.

ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. నోరు పెగలడం లేదు.

జబ్బు పేరుతో మొదలుపెట్టకండి. "నాకు ఇన్ఫెక్షన్ ఉందన్నారు, ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి మందు వాడాలంట, రేపు నువ్వు కూడా రావాలి" అంటే చాలామంది వస్తారు. మిగతాది డాక్టర్ దగ్గరో కౌన్సెలర్ దగ్గరో మాట్లాడుకోవచ్చు, గొంతు లేవకుండా మధ్యలో ఒక మనిషి ఉంటారు. మీ అనుమతి లేకుండా మీ సంగతి ఇంట్లో వాళ్ళకు చెప్పకూడదు, చెప్పమంటే మాత్రం సాయం చేస్తారు. చెబితే కొడతాడనే భయం ఉంటే ముందు ఆ మాట కౌన్సెలర్‌కు చెప్పండి. ఒంటరిగా ఇంట్లో చెప్పొద్దు.

ఎన్ని రోజులు దూరంగా ఉండాలి?

డాక్సీ అయితే ఇద్దరి కోర్సూ పూర్తయ్యేదాకా. అజిత్రోమైసిన్ ఒక్క డోసు అయితే వేసుకున్న రోజు నుంచి ఏడు రోజులు. ఒకే పళ్ళెంలో తినొచ్చు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు, బట్టలు కలిపి ఉతకొచ్చు.

## పిల్లలు, కాన్పు

పెళ్ళయి ఏళ్ళయింది, ట్యూబులు మూసుకుపోయాయన్నారు. ఇదే కారణమా?

కావచ్చు. మందు పడని క్లమీడియా గర్భసంచి ముఖద్వారం నుంచి పైకి పాకి నాళాల లోపలి సన్నని పొరను పాడుచేస్తుంది. మానేటప్పుడు మచ్చ కట్టి దారి మూసుకుంటుంది. చాలామందికి ఇదంతా నొప్పి తెలియకుండానే జరిగిపోతుంది. ఎక్స్‌రేలో రంగుమందు ఎక్కించి చూసినప్పుడే బయటపడుతుంది. మన దేశంలో నాళాలు మూసుకుపోవడానికి క్షయ కూడా పెద్ద కారణం, దాన్నీ చూడమని అడగాలి. మందు క్రిమిని చంపుతుంది గానీ కట్టిన మచ్చను కరిగించదు. రెండు నాళాలూ మూసుకుపోతే ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ పద్ధతి) లాంటి దారులుంటాయి.

నెల్లూరు రొట్టెల పండగలో, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో సంతాన రొట్టె పట్టుకుంటామంటే పట్టుకోండి, నేను అడ్డం చెప్పను. పరీక్షకు మాత్రం ఆమెను ఒక్కదాన్నే పంపకండి. ఆయన వీర్యపరీక్ష కూడా మొదటిరోజే అయిపోవాలి.

నెల తప్పింది, ఒక పక్క కడుపులో పొడుస్తోంది. ఏమన్నా ప్రమాదమా?

మచ్చ కట్టిన నాళంలో గర్భం ఇరుక్కుపోవచ్చు. నెల తప్పాక ఒకవైపు నొప్పి, కొంచెం రక్తం, కళ్ళు తిరగడం, భుజంలో నొప్పి కనబడితే నాళం పగులుతుందేమోనని భయపడాల్సిందే. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

తెల్లబట్ట తగ్గడం లేదని గర్భసంచి తీయించుకోమన్నారు. తీయించుకోవాలా?

ఆగండి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 9 శాతం మందికి అప్పటికే గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది 3 శాతం పైచిలుకు. అవన్నీ అనవసరమని నేననను. కానీ ముప్పై, ముప్పై అయిదేళ్ళకే, "ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇంకెందుకు" అని, స్వాబ్ పరీక్ష కూడా చేయకుండా ఆపరేషన్ బల్ల ఎక్కించిన కేసులు మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. పొగాకు గ్రేడింగ్‌కు పోయేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు పని పోతుందని భయపడి "తీసేస్తే పీడా పోతుంది" అనుకుంటారు. అప్పు చేసి తీయించుకుంటారు, ఆ తరవాత చిన్న వయసులోనే ఒళ్ళు మంటలు, నడుము నొప్పులు, ఎముకలు పలుచబడటం, ముఖ్యంగా అండాశయాలు కూడా తీసేస్తే.

ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే తెల్లబట్టకు మందుంది. ముందు స్వాబ్ పరీక్ష, ముఖద్వార క్యాన్సర్ పరీక్ష, భార్యాభర్తలిద్దరికీ పూర్తి కోర్సు. అప్పటికీ తగ్గకపోతే ఇంకో ఆసుపత్రిలో, వీలైతే ప్రభుత్వ బోధనాసుపత్రిలో, రెండో అభిప్రాయం అడగండి. తెల్లబట్ట ఒక్కటే కారణంగా చూపి రేపే అడ్మిట్ అవమంటే, సంతకం పెట్టకుండా ఇంటికి రండి.

కడుపుతో ఉన్నాను. మందు వాడితే బిడ్డకు ఏమన్నా అవుతుందా?

డాక్సీ వద్దు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఒకేసారి ఇస్తారు, దాని మీద చాలా ఏళ్ళ అనుభవం ఉంది. వాడకుండా వదిలేస్తేనే బిడ్డకు సోకే ప్రమాదం, నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం. మందు వేసుకున్న నాలుగు వారాలకు మళ్ళీ పరీక్ష చేసి పోయిందని నిర్ధారించుకోవాలి. గర్భిణులకు ఇది తప్పనిసరి.

బిడ్డ పుట్టి వారమైంది, కళ్ళు ఊసులు కడుతున్నాయి. తల్లిపాలు పిండితే పోతుందంటున్నారు.

పోదు. పాలు గానీ ఆముదం గానీ కంట్లో వేయొద్దు. పుట్టిన అయిదు నుంచి పద్నాలుగు రోజుల్లో రెప్పలు వాచి చీము ఊసులు వస్తే క్లమీడియా కావచ్చు. రెండు మూడు రోజులకే బాగా చీము కారితే గనేరియా కావచ్చు, అది గంటల్లో చూపు మీద దెబ్బతీస్తుంది. రెండింటిలో ఏదైనా అదేరోజు పిల్లల డాక్టర్ దగ్గరికి పోవాలి. క్లమీడియాకు చుక్కల మందు ఒక్కటే చాలదు, నోటి ద్వారా సిరప్ ఇస్తారు, ఎందుకంటే అదే క్రిమి ఊపిరితిత్తుల్లోకి దిగి ఒకటి నుంచి మూడు నెలల వయసులో జ్వరం లేని పొడి దగ్గుగా మొదలై న్యుమోనియా చేయొచ్చు. తల్లికీ తండ్రికీ కూడా మందు పడాలి.

## కోర్సు అయ్యాక

పోయిందో లేదో వెంటనే టెస్ట్ చేయించనా?

వద్దు. చచ్చిన క్రిమి ముక్కలు మూడు నాలుగు వారాల దాకా ఒంట్లో ఉంటాయి. పీసీఆర్ వాటిని కూడా పట్టేసి పాజిటివ్ అంటుంది, లేనిపోని భయం. గర్భం లేనివాళ్ళు మూడు నెలలకు ఒకసారి చేయించుకోవాలి. అది మందు పనిచేసిందా అని చూడటానికి కాదు, ఈలోగా మళ్ళీ అంటిందా అని.

ఒకసారి వచ్చిపోతే ఇంక రాదా?

వస్తుంది. ఎన్నిసార్లైనా వస్తుంది, టీకా లేదు. ప్రతిసారీ నాళాలు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. ఇది ఉన్నప్పుడు హెచ్‌ఐవీ అంటుకునే అవకాశం కూడా ఎక్కువ, కాబట్టి క్లమీడియా తేలినవాళ్ళు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకోవాలి.

ఎప్పుడూ నిరోధ్ వాడమంటే ఇంట్లో అనుమానం రాదా?

"ఇప్పుడే బిడ్డ వద్దు" అనే మాట చాలు, ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. బెంగళూరు, హైదరాబాద్ పనుల నుంచి నెలల తరవాత ఇంటికొచ్చేవాళ్ళు, బయట ఏదన్నా జరిగి ఉంటే, రెండు వారాలకు చేసే పరీక్ష రిపోర్టు వచ్చేదాకా నిరోధ్ వాడాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఊరికే ఇస్తారు. పర్సులో మడిచి నెలల తరబడి పెట్టుకుంటే వేడికి, రాపిడికి పాడవుతాయి. లారీ డ్యాష్‌బోర్డు మీద పెట్టినవీ అంతే. కొబ్బరినూనె రాస్తే రబ్బరు చిరుగుతుంది. తేదీ చూసి, నీడన ఉంచినది వాడండి.